సాక్షి లేని సేవ

మానవుడు చేయు పనులలో పెక్కింటికి సాక్షులు కలరు. వడ్రంగి చేసిన తలుపు సరిగా మూసికొననిచో ఇంటివారు మరునాడే పిలిచి అడుగుదురు. కుమ్మరి చేసిన కుండ కారినచో సంతలోనే పరువు పోవును. ఉపాధ్యాయుడు తప్పు చెప్పినచో ఏనాటికైనను ఒక విద్యార్థి లేచి ప్రశ్నించును. వైద్యుని మందు వికటించినచో రోగి నోరు తెరచి తన బాధ చెప్పుకొనును. కాని మరికొన్ని పనులు కలవు. వానిలో సేవ పొందు ప్రాణికి నోరు లేదు. రుసుము చెల్లించువారికి ఆ విద్య తెలియదు. పై అధికారి దూరమున నుండును. అట్టి పనిలో మంచిచెడ్డలను తూచువారెవరు? సాక్షి లేనిచోట ధర్మము నిలుచునా? నిలిచినచో దేనిని ఆధారముగా చేసికొని నిలుచును?

ఈ ప్రశ్నను గాలిలో తర్కించుటకంటె ఒక వృత్తిని ఎదుట నుంచుకొని విచారించుట మేలు. ఇంటింటికి వాహనముపై తిరిగి, పశువుల చికిత్సలోను పెంపుడు జంతువుల చికిత్సలోను వైద్యునికి తోడ్పడు పశువైద్య సహాయకుని వృత్తి అట్టిది.

పూర్వము జబ్బుచేసిన పశువే ఆసుపత్రికి నడచి పోవలసియుండెను. లేవలేని పశువు కొట్టములోనే ప్రాణము విడిచెడిది. ఆ లోటు తీర్చుటకు తెలంగాణములో 2017లోను, ఆంధ్రప్రదేశములో 2022లోను ప్రభుత్వపక్షమున సంచార పశువైద్య వాహనములు బయలుదేరినవి. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో వాహనము ఊరికే వచ్చు ఏర్పాటు జరిగినది. లక్ష పశువులకు ఒక వాహనము చొప్పున ఉండవలెనని కేంద్రప్రభుత్వ పథకము నిర్ణయించినది. అట్టి వాహనములో పశువైద్యుడు, సహాయకుడు, డ్రైవరు అను ముగ్గురుందురు. నగరములలో కుక్కలకును పిల్లులకును ఇంటివద్దనే వైద్యము చేయు ప్రైవేటు వాహనములును తిరుగుచున్నవి. పల్లెలో ఎద్దు, పట్టణములో కుక్క. రోగులు వేరైనను సహాయకుని పని ఒక్కటే.

ఆ పని పైకి చిన్నదిగా కనబడును. కుక్కకు మూతికట్టు కట్టుట, ఆవును పగ్గమువేసి కదలకుండ నిలుపుట, జ్వరము కొలుచుట, రక్తము తీయుట, పుండు కడిగి కట్టు కట్టుట, పనిముట్లను శుద్ధిచేయుట, మందులను చల్లగా కాపాడుట, చేసినదంతయు పుస్తకమున వ్రాయుట. కాని ఇందు ప్రతిదానికిని విద్య కావలెను. మనిషికి జ్వరమనదగిన 101 డిగ్రీల వేడి కుక్కకును ఆవునకును సహజమైనది. పిల్లి తన నొప్పిని మంచము క్రింద దాచుకొనును. గొఱ్ఱె మందలో వెనుకబడినంతనే వేటమృగమునకు చిక్కును గావున, కాలు నిలువనంతవరకు తన బాధను పైకి చూపదు. ఇవి తెలియని చేతికి ఎంత దయ యున్నను ఆ చేయి గ్రుడ్డిదే.

ఈ వృత్తిలో సాక్షులు ఎట్లు కరవగుదురో ఒక ఉదాహరణమువలన తెలియును. వేసవి మధ్యాహ్నము. వాహనములోని మంచుపెట్టె మూత ఉదయము సరిగా పడలేదు. పిచ్చికుక్క వ్యాధి రాకుండ వేయు టీకామందు 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో నుండవలెను. వేడి తగిలినను, గడ్డకట్టినను దాని శక్తి చెడును. సహాయకుడు పెట్టెలోని ఉష్ణమాపకమును చూడగా చల్లదనము ఏనాడో పోయినట్లున్నది. ఎదుట నాలుగిండ్లవారు కుక్కలను పట్టుకొని వేచియున్నారు. సీసాలోని మందు రంగు మారలేదు. సూది గుచ్చినచో కుక్క ఒక్కమారు అరచును. పుస్తకమున తేదీ పడును. రుసుము చేతికి వచ్చును. అందరును సంతోషముతో ఇండ్లకు పోవుదురు.

ఆ మందు పనిచేయలేదని ఎప్పుడు తెలియును? ఆ కుక్కను ఏనాడో వీధిలో ఒక పిచ్చికుక్క కరచినప్పుడు తెలియును. అప్పటికి ఆ ఇంటి పసివాడు ఆ కుక్కతో ఆడుకొనుచుండును. లక్షణములు పైకి వచ్చిన తరువాత ఆ వ్యాధినుండి బ్రతికి బయటపడుట మనిషికైనను కుక్కకైనను దాదాపు అసంభవము. ఇంత జరిగినను ఆ వేసవి మధ్యాహ్నము నాటి మంచుపెట్టె ఎవరికిని జ్ఞాపకము రాదు. తప్పు ఒకచోట, ఫలితము వేరొకచోట, నడుమ సంవత్సరములు. ఫలితమును చూచి భయపడి మంచిగా నడచువానికి ఇక్కడ భయపడుటకు ఏమియు లేదు. కనుక ఇచ్చట ధర్మమును నిలుపునది శిక్ష కాదు, కీర్తియు కాదు. "ఈ మందు చెడినది, నేడు వేయను, రేపు వత్తును" అని నలుగురి ఎదుట చెప్పి, వారి విసుగును మోసి, ఖాళీ చేతులతో తిరిగిపోగల మనస్సు మాత్రమే దానిని నిలుపును.

మూగజీవి యే సాక్షి కాదా యని కొందరు అడుగవచ్చును. కుక్క తనకు మేలు చేసిన చేతిని మరువదు. కీడు చేసిన చేతిని అంతకన్నను మరువదు. నిజమే. కాని నొప్పి కలిగించిన మంచికిని, నొప్పి లేని మోసమునకును గల భేదము దానికి తెలియదు. పుండులోని చీమును పిండి తీసినవానిని చూచి అది పండ్లు కొరుకును. చచ్చిన టీకాను మెల్లగా వేసి తల నిమిరినవానిని చూచి తోక ఆడించును. కనుక ఆ సాక్ష్యము ప్రేమకు చాలును గాని న్యాయమునకు చాలదు.

రెండవ పరీక్ష ఇంకను సూక్ష్మమైనది. ఒక పేదయింట ఒక్కటే ఆవు. దానికి పొదుగువాపు వచ్చినది. వైద్యుడు పొదుగులోనికి మందు ఎక్కించినాడు. మందు పెట్టెపై వ్రాసిన గడువు తీరువరకు ఆ పాలు మనుషులు త్రాగరాదు, అమ్మరాదు. ఆ మందు అంశ పాలలో దిగును. అది పడనివారికి హాని చేయును. కొంచెము కొంచెముగా మనుష్యులలో చేరి, రోగక్రిములు ఆ మందుకు లొంగకుండునట్లు చేయుటకును కారణమగును. కాని ఆ ఇంటికి ఆ పాలే బియ్యము, ఉప్పు, పప్పు. వైద్యుడు తొందరలో వాహనమెక్కినాడు. ఇంటివారు అడుగలేదు. సహాయకుడు చెప్పక ఊరకుండినచో ఆనాటికి ఆ ఇంటిపై దయ చూపినట్లే. ఆ పాలు త్రాగబోవు బిడ్డ ఎవరో అతడెరుగడు. ఆ బిడ్డ తల్లి వచ్చి అతనిని అడుగదు.

కంటికి కనబడు పేదయిల్లు ఒకవైపు. కంటికి కనబడని బిడ్డ మరొకవైపు. మానవుని దయ స్వభావముచేత కంటివెంట పోవును. ధర్మము కంటికి కనబడనివారిని గూడ లెక్కించును. కనుక అతడు చెప్పవలెను. అయితే అధికారివలె గద్దించి కాదు. "అన్నా, ఈ గడువు తీరువరకు ఈ పాలు పోయవద్దు. నష్టమని నాకును తెలియును. కాని ఆ పాలు మన బిడ్డలకు పోయగలమా? మనము పోయలేనివి ఇంకొకరికి అమ్మరాదు గదా" అని కూర్చుండి చెప్పవలెను. గేదె చేపుటకు సూదిమందు వేయుమని అడుగువారికిని అట్లే కాదని చెప్పవలెను. పాలకొరకు పశువు ఆరోగ్యమును చెరచు అట్టి పనులను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరముగా నెంచినది. చట్టము దూరమున నున్నది; అడుగువాడు ఎదుట నున్నాడు. మరుసటిమారు తన్ను పిలువకపోవచ్చునని తెలిసియు కాదనుట ఆ వృత్తిలోని తపస్సు.

మూడవ పరీక్ష దయ రూపముననే వచ్చును. అందుచేత అన్నిటికంటె కఠినమైనది. ఒక వృద్ధురాలు తన కుక్కను ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. అది ఉదయమునుండి వాంతులు చేసికొనుచున్నది. వైద్యుడు వేరొక ఊరిలో నున్నాడు.

"నాయనా! డాక్టరుగారు వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకును. నీవు ఇన్నేండ్లుగా మా ఇంటికి వచ్చుచున్నావు. నీకు తెలియనిదేమున్నది? ఆ సూది నీవే వేయుము" అని ఆమె వేడుకొనును.

"అమ్మా! చేయి నాదే కాని, ఏ మందు, ఎంత అను నిర్ణయము నాది కాదు. డాక్టరుగారితో ఇప్పుడే మాటలాడుదును. ఎన్నిమార్లు వాంతియైనదో, అందులో ఏమి పడినదో మీరు చూచి చెప్పుడు" అని అతడనును.

ఆమె కంటికి అతడు ఆ క్షణమున కఠినుడు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము పశువైద్యము చేయు అధికారము నమోదైన వైద్యునిది. డిప్లొమాగాని, సర్టిఫికెట్టుగాని పొందిన సహాయకుడు ఆ వైద్యుని పర్యవేక్షణలో, రాష్ట్రప్రభుత్వ ఉత్తరువు అనుమతించిన మేరకు, టీకాలు వేయుట, పుండ్లకు కట్టుట వంటి ప్రాథమిక సేవలు మాత్రమే చేయవచ్చును. ఈ హద్దు వైద్యుని గౌరవము కొరకు పెట్టినదని పెక్కురు తలంతురు. అది పొరపాటు. అది జ్ఞానమునకు పెట్టిన హద్దు. చేయగలిగినది వేరు, చేయదగినది వేరు. సూది గుచ్చుట వందమార్లు చేసిన చేతికి సులభము. ఆ వాంతికి కారణము విషమో, మూత్రపిండముల రోగమో, ప్రేగులో చిక్కిన ఎముకయో తెలిసికొనుట వేరొక విద్య.

దయ ఉన్నచో చాలదా, జ్ఞానము కూడ కావలెనా యని సందేహించువారికి రెండు నిదర్శనములు చాలును. ఇంటిలో పిల్లలకు వేయు పారాసిటమాల్ అను జ్వరపు బిళ్లను పిల్లికి ఒక్కటి వేసినను ప్రాణము పోవచ్చును. ఆ మందును హానిలేని రీతిగా విడగొట్టి పంపివేయు శక్తి పిల్లి శరీరమునకు చాలదు. దాని రక్తము ప్రాణవాయువును మోయలేకపోవును. వేసినవారు దయతోనే వేయుదురు.

రెండవది ఇంకను పెద్దది. డైక్లోఫినాక్ అను నొప్పి మందును కొంతకాలము పశువులకు విరివిగా వాడిరి. ముసలి ఎద్దు చివరి దినములలో మూలుగుచున్నప్పుడు ఆ మందు దానికి ఉపశమనము కలిగించెను. అది చచ్చిన తరువాత కళేబరమును తిన్న రాబందుల మూత్రపిండములు చెడి, అవి గుంపులు గుంపులుగా కూలినవి. 1992కును 2007కును నడుమ మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి తొంబది తొమ్మిదికి పైగా నశించినవి. కారణమేమో తెలియక శాస్త్రజ్ఞులు చాలకాలము తికమకపడిరి. 2004లో పాకిస్తానులో జరిగిన పరిశోధనవలన ఈ మందే కారణమని తేలినది. 2006లో మన దేశము పశువులకు దీనిని నిషేధించినది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మందు దీనికి బదులుగా దొరకినది. అయినను మనుషులకొరకు చేసిన పెద్ద సీసాలను కొని పశువులకు వాడుట ఆగకపోగా, 2015లో మనుషుల సూదిమందును సైతము 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలకే పరిమితము చేయవలసివచ్చినది.

ఇందులో నీతిని జాగ్రత్తగా తీసికొనవలెను. 2004కు పూర్వము ఆ మందు వేసినవాడు పాపి కాడు. వాని మనస్సున దయయే కలదు. తెలిసికొనుటకు దారి లేకుండెను. కాని సంగతి తెలిసి, నిషేధము వచ్చిన పిదప, "ఈ ఒక్క ఎద్దుకు వేసినచో ఏమి?" అని మనుషుల సీసాను చాటుగా తెచ్చి వేసినవాని దయ వేరు. ఆ రెండు సూదులును ఒక్కటే. ఆ రెండు ఎద్దుల బాధయు ఒక్కటే. భేదము తెలియుటలోను దాచుటలోను కలదు. తెలియక చేసిన దయ పొరపడవచ్చును. దాచవలసివచ్చిన దయ మాత్రము దయ కాదు.

ఈ సూత్రము పైని హద్దునుగూర్చిన సందేహమునకును కొంత సమాధానము చెప్పును. వైద్యుడు అందని మారుమూల పల్లెలో, క్షణములలో ప్రాణము పోవు స్థితిలో సహాయకుడు ఏమి చేయవలెను? నియమమును పట్టుకొని చూచుచు నిలువవలెనా? ఈ ప్రశ్న తేలికైనది కాదు. రక్తము కారుచున్నచో ఆపుట, ఊపిరి ఆడునట్లు త్రోవ చేయుట, పశువును సుఖముగా పరుండబెట్టుట అతని విధియే, అందు సంకోచింపరాదు. అంతకు మించిన పనికి వైద్యుని మాట తీసికొనవలెను. అదియు దొరకక, మనస్సాక్షి నెట్టగా ఎప్పుడైనను ఒక అడుగు ముందుకు వేసినచో, ఆనాడే ఆ సంగతిని దాచక వైద్యునికి చెప్పి, పుస్తకమున వ్రాసి, దాని ఫలము మేలైనను కీడైనను తలపై వేసికొనవలెను. అట్లు చెప్పుటకు ధైర్యము చాలనిచో ఆ అడుగు వేయకుండుటయే మేలు. "రేపు దీనిని చెప్పగలనా?" అను ప్రశ్న చీకటిలో దీపమువంటిది.

చావు ఎదుటికి వచ్చినప్పుడు ఈ దీపము ఇంకను అవసరము. పశువును బ్రతికించియుంచుటయే క్రూరత్వమగు స్థితి యొకటి కలదని 1960 చట్టమే ఒప్పుకొన్నది. కాని ఒక ఇంటివారు బదిలీపై ఊరు మారుచు, బాగుగా తిరుగుచున్న ముసలి కుక్కకు "ముక్తి" నిమ్మని అడుగుదురు. వేరొక ఇంటివారు లేవలేక, త్రాగలేక మూలుగుచున్న కుక్కను ప్రేమచేత విడువలేక నెలలు గడుపుదురు. నిర్ణయము సహాయకునిది కాదు. అయినను ఆ ఇంటికి పలుమార్లు వచ్చి, కుక్క తిన్నదియు, తిననిదియు, లేచినదియు, లేవనిదియు చూచినవాడు అతడు. తాను చూచినదానిని తగ్గింపక, పెంపక వైద్యునికి చెప్పుట అతని ధర్మము. సాక్షి లేని ప్రాణికి అప్పుడు అతడే సాక్షి. చివరి సూది వేయవలసియే వచ్చినచో, అది భయపడకుండునట్లు దానిని పట్టుకొనుటయు అతని పనియే. ఇంటివారు కన్నీళ్లతో లోపలికి పోయిన తరువాత ఆ దేహమును అతడెట్లు ఎత్తుచున్నాడో ఎవరును చూడరు. ఆ ఎత్తుటలోనే అతని వృత్తి యంతయు కలదు.

కాయకము పూజయని పండ్రెండవ శతాబ్దిలో కళ్యాణమున శరణులు బోధించిరి. చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు, బట్టలుతుకువాడు, త్రాళ్లు పేనువాడు అచ్చట ఒకే పంక్తిని కూర్చుండిరి. నేలపై రాలిన బియ్యము ఏరుకొని జీవించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. ఆయన భార్య లక్కమ్మ ఆ ఎక్కువ బియ్యమును మరల అచ్చటనే పోసి రమ్మనెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, ఎవరును అడుగలేదు, ఎవరును చూడలేదు. అయినను ఆమెకు లెక్క తెలియును. సాక్షి లేనిచోట నిలుచు ధర్మమునకు ఆ ఇల్లాలు నిలువెత్తు నిదర్శనము. మంచుపెట్టె ఎదుట నిలిచి చెడిన సీసాను ప్రక్కన పెట్టు సహాయకుడు, తెలిసియో తెలియకయో, ఆ ఇంటి వాకిటనే నిలిచియున్నాడు.

వృషభ శబ్దమే బసవ అయినది. గుడిలో నందికి దండవేసి, నందిచెవిలో కోరిక చెప్పుకొనువారు కలరు. కాని కొట్టములోని ఎద్దు మెడపై కాడి ఒరసి పుండుపడినప్పుడు అది ఎవరి చెవిలో చెప్పుకొనును? ఆ పుండును కడుగు చేతిని చిన్నచూపు చూచుట, పశువులను తాకువాడని ఎడముగా నిలుపుట, ఆ చెవిని మూసివేయుటయే.

ఇంతవరకు సహాయకుని ధర్మము విచారింపబడినది. ఇంటివారి ధర్మమును చెప్పనిచో విచారము సగముననే నిలుచును. సాక్షి లేకపోవుట కొంత మన చేతులార చేసికొన్నది. టీకా వేయించునప్పుడు మందు ఎక్కడనుండి తీసినారో చూడవచ్చును. పాలు ఎన్నాళ్లు మానవలెనని అడుగవచ్చును. ఇచ్చిన మందు పేరు కాగితముపై వ్రాయించుకొనవచ్చును. మంచివాడు అందుకు కోపింపడు. అడుగుటకు బదులు మనము చేయుచున్నదేమి? డాక్టరు లేకున్నను సూది వేయుమని ఒత్తిడి చేయుదుము. తేదీ వెనుకకు వ్రాసి ఇమ్మని బ్రతిమాలుదుము. చేపుటకు మందు అడుగుదుము. కాదన్నవానిని మరల పిలువము. అన్నిటికి తలయూపువానిని మంచివాడందుము. సాక్షులుగా నిలువవలసినవారే ప్రలోభపెట్టువారైనచో, సహాయకుడు తప్పినాడని నిందించు అర్హత వారికెక్కడిది?

సాక్షి లేనిచోట ధర్మము నిలుచునా యను ప్రశ్నకు, నిలుచును, కాని ఒంటరిగా చాలకాలము నిలువలేదని చెప్పవలసియున్నది. చేయువాని మనస్సు మొదటి ఆధారము. అతని విద్య రెండవది. కాదన్నప్పుడు అతనిని గౌరవించు ఇల్లు మూడవది. మందు చెడినది, రేపు వత్తునని చెప్పి వెనుకకు తిరుగువానిని చూచినప్పుడు, ఎండలో వచ్చినాడు గదా యని ఒక చెంబెడు మజ్జిగ ఇచ్చి పంపగల ఇండ్లు ఊరికి పది యున్నచో, ఆ ఊరి మూగజీవులకు కొంత రక్షణ కలిగినట్లే.